నమూనా చూపించనన్న సౌభాగ్య

సౌభాగ్యకు ముక్కు మీద కోపమని నాంపల్లిలో ఆ గల్లీ అంతా అనుకుంటుంది. గల్లీకేం తెలుసు. ఆమె కోపం ఎప్పుడూ ఇంకాస్త లోపలే ఉంటుంది, కాకపోతే పిలిస్తే వెంటనే పలుకుతుంది. ఆ శనివారం పొద్దున దాన్ని పిలిచినవాడు ఆమె మరిది జితేందర్.

చెప్పులు కూడా విప్పకుండా గుమ్మంలో నిలబడి అన్నాడు. "వదినా, రేపు పొద్దుగాల చాదర్‌ఘాట్ నుంచి స్క్రాప్ బండ్లు కొనే ఒకాయన వస్తడు. బండి తీస్కపోతడు. మాటయిపోయింది."

"ఏ బండి?"

"ఏ బండేంది? అన్న బండి."

అన్న బండి అంటే తెల్లటి పాత మారుతి వ్యాన్. తెలుపు అనేది ఇప్పుడు మాట వరసకే. రామచందర్ నాంపల్లిలో ఒక ప్రింటింగ్ ప్రెస్సులో గుమాస్తాగా చేస్తూ, ఆదివారమొస్తే ఆ వ్యాన్‌లో పాత పుస్తకాలు వేసుకుని అబిడ్స్ పేవ్‌మెంట్ మీద పరిచి అమ్మేవాడు. ఆయన పోయి మూడేళ్ళయింది. పోయిన నెలకే సౌభాగ్య డ్రైవింగ్ స్కూల్లో చేరింది. భర్త పోయిన మనిషిని ఆ పేరుతో ఎలా పిలవాలో తెలియక చుట్టాలు నసుగుతుంటే, "నా పేరు సౌభాగ్యనే, ఎప్పటిలెక్కనే పిలువున్రి" అని ముఖం మీదే చెప్పింది. తర్వాత స్టీరింగ్ పట్టుకుని అబిడ్స్ వెళ్ళి, భర్త పరిచిన చోటే టార్పాలిన్ పట్ట పరిచింది. నాలుగు రోజుల ముచ్చటేలే అని నవ్వినవాళ్ళు ఇప్పుడు నవ్వడం లేదు. కానీ ఎదురు చూస్తున్నారు, ఎప్పుడు మానేస్తుందా అని.

బండి కూడా వాళ్ళ పక్షమే చేరినట్టుంది. కొన్నాళ్ళుగా దగ్గుతోంది, కుదుపుతోంది, సిగ్నల్ దగ్గర ఆగితే నిమిషం తిరక్కముందే చచ్చిపోతోంది. కిందటి ఆదివారం పొద్దున్నే పుస్తకాల కోసం చాదర్‌ఘాట్ పోయి వస్తుంటే అఫ్జల్‌గంజ్ చౌరస్తాలో నడిమధ్య ఆగిపోయింది. వెనక బస్సులు మోగించిన హారన్లకు చెవులు చిల్లులు పడ్డాయి. ఆ ముందు ఆదివారమైతే గల్లీ దాటనేలేదు.

అబిడ్స్ పేవ్‌మెంట్ మీద ఎవరికీ హక్కు కాగితాలు లేవు. పరిచినవాడిదే చోటు. ఒక వారం రాకపోతే జ్వరమొచ్చిందేమో అనుకుంటారు. రెండో వారం రాకపోతే అయ్యో అంటారు. మూడో వారం ఆ చోట ఇంకొకరి పుస్తకాలుంటాయి. రెండు వారాలు అయిపోయాయి. పక్కన కూర్చునే బిచ్చయ్య తన పట్ట అంచుని అప్పుడే ఆమె చోటులోకి జరిపాడని తెలిసినవాళ్ళు ఎవరో చెప్పారు. బిచ్చయ్య చెడ్డవాడు కాదు, ఖాళీ చోటు చూస్తే ఎవరి చెయ్యయినా అలాగే జరుగుతుంది.

ఆటో మాట్లాడుకోవచ్చు కదా అని అడిగేవాళ్ళు ఒకసారి ఆ పుస్తకాలు మోసి చూడాలి. ఆమెకున్నది ఒక గది, ఒక వంటిల్లు. వారమంతా పుస్తకాలు ఉండేది వ్యాన్‌లోనే. వాన పడితే అదే గోదాము, ఎండ కాస్తే అదే నీడ. వ్యాన్ పోతే చోటు పోతుంది, చోటు పోతే సౌభాగ్య ఇంట్లో కూర్చుంటుంది. జితేందర్‌కు కావలసిందీ అదే.

అతను దుర్మార్గుడేం కాదు. స్టేషన్ రోడ్డులో జిరాక్స్ దుకాణం నడుపుకుంటాడు, పండక్కి చీర తెస్తాడు. వదిన రోడ్డు మీద కూర్చుని అమ్ముకుంటోందని ఎవరో అంటే తల వంచుకుంటాడు. ఆ వంచుకోవడమే సౌభాగ్యకు పడదు.

"బండి చలనంల లేదు. ఎన్ని దినాలు గుంజుతవు? ఇంట్ల కూసో వదినా, ఫికర్ లేకుండ. నేను లేనా?"

"నువ్వున్నవు. నేను గూడ ఉన్న గద. నన్నడిగినవా?"

జితేందర్ రేపు పొద్దున ఆ మనిషిని తీసుకొస్తానని చెప్పి, విప్పని చెప్పులతోనే వెళ్ళిపోయాడు.

కొంగు దోపుకుని ఖలీల్ భాయ్ షెడ్డుకు వెళ్ళింది సౌభాగ్య. గల్లీ చివర రేకుల కింద, ముందు సీటు ఎత్తి పెట్టి ఉంది వ్యాన్. ఈ బండికి ఇంజన్ ముందు సీట్ల కిందే. ఏ రిపేరు వచ్చినా ముందు మనిషిని లేపి, తర్వాత సీటు లేపాలి. ఖలీల్ భాయ్ మూడు ప్లగ్గులూ విప్పి గుడ్డ మీద పెట్టాడు. మూడూ కాటుక గిన్నెలో ముంచి తీసినట్టున్నాయి.

"మల్ల మసి పట్టినయి ఆపా. బ్రష్ కొట్టి కొట్టి నా చెయ్యి నొస్తున్నది. కొత్తయి తే." సౌభాగ్యను అతను ఆపా అని, అంటే అక్కా అని పిలుస్తాడు. అలవాటు ప్రకారం ఒక ప్లగ్గును పాత పేపర్ ముక్కలో చుట్టి ఆమె చేతిలో పెట్టాడు. "నమూనా."

బండి సామాన్ల బజారులో ఇదే పద్ధతి. పోయిన సామాను విప్పి, కాగితంలో చుట్టి, దుకాణంలో చూపిస్తారు. దుకాణదారు దాన్ని అటూ ఇటూ తిప్పి అలాంటిదే ఇస్తాడు. బండి ఏదని అడగడు, జబ్బేమిటని అడగడు. నమూనా చేతిలో ఉంటే మాటలెందుకు? సౌభాగ్య ఈ మూడేళ్ళలో ఎన్ని నమూనాలు మోసిందో. కొత్తవి వేయగానే బండి బుద్ధిగా నడుస్తుంది. కొన్ని వారాలకు మళ్ళీ దగ్గు, మళ్ళీ మసి, మళ్ళీ కాగితం చుట్టిన నమూనా.

"ఖలీల్ భాయ్, గీ నంబర్ ప్లగ్గే ఎందుకు?"

"సారు పెట్టిన నంబర్ ఆపా." రామచందర్ పేరు చెప్పేటప్పుడు అతను చేతిలో ప్లగ్గులు విప్పే పాన పక్కన పెడతాడు. "సారుకు ఇంజన్ మంచిగ ఎర్క. నా దగ్గర గూడ చేపియ్యకపోతుండె, సొంతం చేసుకుంటుండె. గాయన పెట్టిన నంబర్ నేనెట్ల బదలాయిస్త?"

నిజమే. రామచందర్‌కు బండి అంటే ప్రాణం. సీటు ఎత్తి ఆయన ప్లగ్గులు బిగిస్తుంటే టార్చ్ పట్టుకుని నిలబడింది తనే కదా. ఆయన పోయాక కళ్ళజోడు దాచుకుంది, ఆయన రాసిన ధరల చీటీలు పుస్తకాల్లోంచి తీయకుండా ఉంచింది, ఆయన ప్లగ్గు నంబరు కూడా అలాగే కాపాడుకుంటూ వచ్చింది. ఒక్కటంటే ఒక్కటే మార్చింది. ఆయన బండిని గ్యాస్ మీద నడిపేవాడు. వెనక సీటు చోటంతా ఆ గ్యాస్ ట్యాంకుదే. డ్రైవింగ్ నేర్చుకోగానే ఆమె చాదర్‌ఘాట్‌లో ఎవరికో ఆ కిట్టంతా విప్పించి ఇచ్చేసి, పెట్రోలుకు మారింది. ఆ చోటులో నవలలు పేర్చింది. అన్న పెట్టించింది తీసేస్తావా అని జితేందర్ అప్పుడూ గుమ్మంలోనే నిలబడ్డాడు.

చేతిలో కాగితం పొట్లం వంక చూసింది సౌభాగ్య. ఎప్పుడూ ఇదే చూపించింది, ఎప్పుడూ ఇదే తెచ్చింది, ఎప్పుడూ ఇదే మసి. ఉన్నట్టుండి ఆమెకు ఒళ్ళు మండింది. పొట్లాన్ని గుడ్డ మీదికి విసిరేసింది.

"నమూనా చూపియ్య."

"చూపియ్యకుంటే ఎట్లిస్తడు ఆపా?"

"నోరున్నది గద. అడుగుత."

ఖలీల్ భాయ్ ఆమె వెళ్ళినవైపు చూస్తూ తల గోక్కున్నాడు.

స్పేర్ పార్టుల దుకాణం అబిడ్స్‌కు పోయే దారిలో ఉంది. యజమాని మల్లేశ్వరరావు. వాళ్ళ తాతల కాలంలోనే కోస్తా నుంచి వచ్చి స్థిరపడ్డారు, హైదరాబాద్‌లోనే పుట్టి పెరిగినా ఆయన మాటలో గుంటూరు ఇంకా పోలేదు. సౌభాగ్యను చూడగానే అరలోంచి ఒక డబ్బా తీసి గల్లా మీద పెట్టాడు.

"మీకెప్పుడూ ఇచ్చేదే కదమ్మా. మూడేగా?"

"గదొద్దు."

"అదేంటండీ? శాంపిల్ ఏదీ, చూపించండి."

"తేలే."

"తేకపోతే ఎలాగమ్మా?"

"ఎప్పుడు తెస్తనే ఉన్న, ఎప్పుడు గదే ఇస్తవు, ఎప్పుడు గదే మసి పడుతది. నేను నీకు తెల్వదనుకో. ఇయ్యాలనే ఫస్టుసారి వచ్చిననుకో. కొత్తోళ్ళను అడిగినట్టు అడుగు."

వెనక క్లచ్ వైరు కోసం నిలబడ్డ ఒక పెద్దమనిషికి ఆలస్యమైంది. "అమ్మా, ఇట్లాంటివాటికి ఇంట్ల మగవాళ్ళను పంపియ్యరాదు?" అన్నాడు, ఉచిత సలహా కాబట్టి ధారాళంగా.

"ఇంట్ల మగోళ్ళు బండి అమ్మే పనిల ఉన్నరు. అందుకే నేనొచ్చిన."

పెద్దమనిషి క్లచ్ వైర్ల వైపు తిరిగిపోయాడు. మల్లేశ్వరరావుకు నవ్వొచ్చింది గానీ, ఆమె ముఖం చూసి మింగేశాడు. కుర్చీ ముందుకు జరుపుకుని, నిజంగానే కొత్తవాళ్ళను అడిగినట్టు అడిగాడు.

"ఏం బండి?"

"వ్యాన్. పాతది."

"ఎక్కువ ఎక్కడ తిరుగుతుంది?"

"నాంపల్లి నుంచి అబిడ్స్. అప్పుడప్పుడు చాదర్‌ఘాట్ దాక పోయి పుస్తకాలు తెస్త. సిగ్నల్ సిగ్నల్‌కు ఆగుడే."

"గ్యాసా, పెట్రోలా?"

"పెట్రోల్."

గల్లా మీది డబ్బా మీద ఆయన చెయ్యి ఆగిపోయింది. "పెట్రోలా? మరి ఇన్నాళ్ళూ గ్యాస్ బండికి వాడే ప్లగ్గు ఎందుకు తీసుకెళ్తున్నారమ్మా?"

"నువ్విస్తివి, నేను తీస్కపోయిన."

"మీరు చూపించారు, నేనిచ్చాను."

ఇద్దరూ కాసేపు ఒకరినొకరు చూసుకున్నారు. ఆ చూపులో తప్పెవరిదో తేల్చడానికి ఇద్దరికీ ఇష్టం లేకపోయింది. మల్లేశ్వరరావు గొంతు సవరించుకుని చిలక్కి చెప్పినట్టు చెప్పాడు. గ్యాస్ మంటకు వేడి ఎక్కువ, అందుకని ఆ బండ్లకు తొందరగా చల్లబడే ప్లగ్గు వేస్తారు. అదే ప్లగ్గును పెట్రోలు బండికి వేసి, నిమిషానికోసారి ఆగుతూ పోయే దారుల్లో తిప్పితే, మసిని కాల్చేసుకునేంత వేడి దానికి రానే రాదు. మసి పేరుకుంటుంది, నిప్పు రవ్వ సరిగా పడదు, బండి ఆగిపోతుంది.

సౌభాగ్య గల్లా చెక్కను గట్టిగా పట్టుకుంది. ఏడుపు తన్నుకొచ్చింది. అది ప్లగ్గు కోసం వచ్చిన ఏడుపు కాదు. ఆయన తప్పేం చేయలేదు. ఆయన గ్యాస్ మీద నడిపాడు, గ్యాసుకు తగిన ప్లగ్గే ఏరి పెట్టాడు. ట్యాంకు తీసేసింది తను. తీసేసి, ఆయన ప్లగ్గుకు మాత్రం పటం కట్టి దండం పెట్టుకుంటూ కూర్చుంది తను. బండి మూడేళ్ళుగా దగ్గి దగ్గి చెబుతుంటే విననిదీ తనే.

"పెట్రోలువి చూపియ్యి," అంది. గొంతు మామూలుగానే వచ్చింది.

మూడు రకాలు పెట్టాడు మల్లేశ్వరరావు. ఒకటి పేరూ ఊరూ లేని చవక రకం. ఆమె దాన్ని వేలితో పక్కకు నెట్టింది. ఇంకొకటి ఇరిడియం ముక్క పెట్టింది, నగల దుకాణంలోలా మెరిసే పెట్టెలో ఉంది. మధ్యలోది మామూలు అట్టపెట్టె, కంపెనీ ఆ ఇంజనుకు చెప్పిన నంబరు.

"ఇరిడియం తీసుకోండమ్మా. చాలాకాలం వస్తుంది, పికప్ కూడా బాగుంటుంది."

"నీ బండిల ఏదేసుకున్నవు?"

మల్లేశ్వరరావు ఒక క్షణం ఆలోచించి నిజం చెప్పాడు. "మామూలుదేనండి. నాది స్కూటరు."

"నాకు గూడ మామూలుదే. నేను రేసులకు పోత లేను. ఆగిన కాడ సావకుంటె చాలు."

మూడు అట్టపెట్టెలు సంచిలో వేసుకుని షెడ్డుకు తిరిగొచ్చేసరికి ఎండ నడినెత్తికొచ్చింది. ఖలీల్ భాయ్ ఒక ప్లగ్గు తీసి నంబరు చదివాడు. ముఖం మాడిపోయింది.

"ఇది సారు నంబర్ కాదు."

సౌభాగ్య గ్యాస్ సంగతీ పెట్రోలు సంగతీ చెప్పింది. అతను విన్నాడు. విని కూడా ప్లగ్గును గుడ్డ మీద పెట్టేశాడు. గ్యాస్ కిట్టు తీసిన రోజు నుంచీ అదే బండిని తను చూస్తున్నాడు, తనకు తట్టలేదు. అది ఒప్పుకోవడం కష్టంగా ఉంది. పైగా పోయిన మనిషి మాట.

"నేను పెట్ట ఆపా. రేపు ఏమన్న అయితే నా మీదికి వస్తది."

"పాన ఇటియ్యి."

"నువ్వా?"

"మల్ల ఎవరు? టార్చ్ పట్టుకుని నిలవడింది నేనే గద."

చీర చెంగు నడుముకు బిగించి, ఎత్తిన సీటు పక్కన మోకాళ్ళ మీద కూర్చుంది. మొదట చేత్తోనే తిప్పాలి, తిరగనంటే వెనక్కి తీసి మళ్ళీ పెట్టాలి, జబర్దస్తీ చేస్తే మర తెగుతుందని రామచందర్ చెప్పేవాడు. ఆయన చెప్పిన నంబరును పక్కన పెట్టిన రోజే ఆయన చెప్పిన పద్ధతి ఆమె వేళ్ళకు గుర్తొచ్చింది. ఒక్కొక్కటీ సాఫీగా దిగింది. చివర పానతో ఒకింత బిగించి, వైర్లు తొడిగింది. చేతులు గ్రీజయ్యాయి, నుదుటి మీది చెమట తుడుచుకుంటే నుదురూ గ్రీజయింది.

తాళం తిప్పగానే బండి అందుకుంది.

"కొత్తయి ఏసినప్పుడు ఎప్పుడు అందుకుంటది," అన్నాడు ఖలీల్ భాయ్, బింకం వదలకుండా.

ఆ మాటలో న్యాయముంది. సౌభాగ్య సీటు దింపింది. సాయంత్రం రద్దీ దాకా ఆగి, బండిని రోడ్డు మీదికి తీసి, బుద్ధున్నవాళ్ళెవరూ పోని దారిన పోయింది. అబిడ్స్ పెద్ద పోస్టాఫీసు ముందు బస్సుల వెనక పాకింది. అఫ్జల్‌గంజ్‌లో, కిందటి వారం తనను నడిరోడ్డులో నిలబెట్టిన అదే చౌరస్తాలో కావాలనే నెమ్మదించి ఎర్ర దీపం పడేలా చూసుకుంది. ఇంజన్ ఒకే రకంగా కొట్టుకుంటోంది. ఆమె గుండె మాత్రం అంత నిలకడగా లేదు. చాదర్‌ఘాట్ దాకా పోయి, మూసీ వాసన పీల్చి, చీకటి పడేవేళకు షెడ్డుకు తిరిగొచ్చి, ఇంజన్ చల్లారనిచ్చి ఒక ప్లగ్గు విప్పింది.

కొస మసిబారలేదు. టీలో ముంచిన బిస్కెట్ రంగులో ఉంది. ప్లగ్గు సరిగా కాలుతోందనడానికి అదే గుర్తు.

ఖలీల్ భాయ్ దాన్ని వెలుతురుకు పట్టి చాలాసేపు చూశాడు. తర్వాత తనే దాన్ని మళ్ళీ బిగించాడు.

ఆదివారం తెల్లవారి సౌభాగ్య గల్లీలోంచి బండి తీస్తుండగా జితేందర్ వచ్చాడు. వెంట చాదర్‌ఘాట్ మనిషి ఉన్నాడు. ఇంజన్ చప్పుడు విని ఆ మనిషి అక్కడే ఆగాడు.

"ఇంజన్ మంచిగనే ఉన్నది గద సాబ్. స్క్రాప్ అంటివి?"

జితేందర్‌కు తల కొట్టేసినట్టయింది. వచ్చి సరిగ్గా బండి ముందు నిలబడ్డాడు. "వదినా, దిగు. నేను మాటిచ్చిన. ఇజ్జత్ తియ్యకు."

"నీ మాట నువ్విచ్చినవు. నేను ఇయ్యలే."

"అన్న పెట్టిన ప్లగ్గులు గూడ పీకేసినవట. ఖలీల్ భాయ్ చెప్పిండు. అన్నవి ఒక్కొక్కటి తీసేస్తున్నవు."

ఆ మాట ఆమెకు సూటిగా గుచ్చుకుంది.

"మీ అన్న గ్యాస్ బండికి పెట్టిండు. మంచిగనే పెట్టిండు. నేను పెట్రోల్ పోస్తున్న. జరుగు జితేందర్."

జితేందర్ జరగలేదు. వాదించనూ లేదు, చేతులు కట్టుకున్నాడు. అతనికి ఈ బండి సంగతి బాగా తెలుసు. కదలకుండా నిలబెడితే నిమిషంలో దగ్గుతుంది, ఇంకాసేపటికి చచ్చిపోతుంది. దానంతట అది ఆగిపోతే తను ఏమీ అనక్కర్లేదు. అతను దాని కోసమే నిలబడ్డాడు.

సౌభాగ్యకు అది అర్థమైంది. హారన్ కొట్టలేదు, యాక్సిలరేటర్ తొక్కలేదు. కాలు తీసేసి, ఒళ్ళో చేతులు పెట్టుకుని, మరిది కళ్ళలోకి చూస్తూ కూర్చుంది. ఇంజన్ నడుస్తోంది. ఎదురింటి సమ్మక్క చీపురు పట్టుకుని బయటికొచ్చి, ఊడవడం మరిచిపోయి చూస్తోంది. పాలవాడు వచ్చాడు, పోయాడు. ఇంజన్ నడుస్తోంది. చాదర్‌ఘాట్ మనిషి జేబులోంచి బీడీ తీసి ముట్టించి, దాన్ని కాల్చడం పూర్తి చేసి, "నేను పోత సాబ్, గిది స్క్రాప్ కాదు" అని వెళ్ళిపోయాడు. ఇంజన్ అప్పటికీ నడుస్తూనే ఉంది.

జితేందర్ కట్టుకున్న చేతులు విప్పాడు. బండి వైపు చూశాడు, వదిన వైపు చూశాడు. తర్వాత గోడ పక్కకు జరిగాడు.

ఆమె అబిడ్స్ చేరేసరికి పేవ్‌మెంట్ మీద సగం పుస్తకాలు పరిచేశారు. బిచ్చయ్య పట్ట ఆమె చోటులో సగం దాటి వచ్చింది. దాని మీద ఇంజనీరింగ్ పుస్తకాలు కట్టలు విప్పకుండా పెట్టి ఉన్నాయి. కట్టలు విప్పకపోవడం మర్యాదే. వ్యాన్ ఆపి, వెనక తలుపు ఎత్తి, సౌభాగ్య మొదటి పెట్టె దించింది. బిచ్చయ్య ఇబ్బందిగా లేచి నిలబడ్డాడు.

"వస్తవో రావో అనుకున్ననమ్మా. సారు బండి మంచిగయిందా?"

మూడేళ్ళుగా ఎవరు ఎలా అడిగినా ఆమె 'సారు బండే' అని చెబుతూ వచ్చింది. ఇప్పుడు పెట్టె నేల మీద పెట్టి, నడుము నిటారు చేసింది. నుదుటి మీద నిన్నటి గ్రీజు మచ్చ ఇంకా పోలేదు.

"నా బండి, బిచ్చయ్యా. మంచిగున్నది. నీ పట్ట తీస్కో."

బిచ్చయ్య కట్టలు ఎత్తి, పట్ట అంచు పట్టుకుని తన చోటులోకి లాక్కున్నాడు.